గుమ్మడికాయ దయ్యాల సీరియల్, ఆరో భాగం

సీరియల్ రాయాలని ఉబలాటపడే కుర్రాళ్ళు, అమ్మాయిలు ఈ మధ్య నాకు ఫోన్లు చేస్తున్నారు. "సార్, ప్రతి భాగం చివర ఉత్కంఠ ఎలా నిలపాలి?" అని అడుగుతున్నారు. నేను ఆ విద్యలో ఆరితేరినవాడినని వాళ్ళకి ఎవరు చెప్పారో తెలియదు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. నేను అలా అనుకున్న పాపానికి కరీంనగర్ వైపు ఒక ఊళ్ళో ఒకాయన రెండెకరాల పొలం అమ్ముడుపోయేదాకా వచ్చింది. ఆ సంగతి చెబుతాను, ఉత్కంఠ గురించి మీరే ఒక నిర్ణయానికి రండి.

తొంభైల్లో నేను దోహాలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. పేరు వింటే ఏదో పెద్ద ఉద్యోగంలా ఉంటుంది కానీ, చేసేది చాలా చిన్న పని. కట్టడాల డ్రాయింగులు వస్తాయి. అది ఎన్నోసారి సవరించిన డ్రాయింగో, ఎప్పుడొచ్చిందో, ఎవరికిచ్చామో రిజిస్టర్‌లో ఎక్కించాలి. పాతదాని మీద ఎర్ర స్టాంపు గుద్ది పక్కన పడెయ్యాలి. లేకపోతే మేస్త్రి పాత కాగితం చూసి గోడ కట్టేస్తాడు. పదకొండేళ్ళలో ఒక్క పాత డ్రాయింగు కూడా నా చేతి మీదుగా బయటికి పోలేదు. ఇందులో నేను గొప్పగా చెప్పుకోగలిగింది ఇదొక్కటే, అందుకని ముందే చెప్పేశాను.

మా కంపెనీకి అబూ హమూర్ వైపు ఒక కాంపౌండు ఉండేది. విదేశీ ఇంజనీర్ల కుటుంబాలు ఉండే ముప్ఫై విల్లాలు. దాని మరమ్మతులు, తోటపని, చెత్త ఎత్తడం అన్నీ మా కంపెనీవే. నా టేబుల్ ఆ కాంపౌండు గేటు పక్క ఆఫీసులో ఉండేది. నేను చేరిన ఏడాది అక్టోబరు చివర్లో ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి ప్రతి విల్లా గుమ్మంలోనూ ఒక గుమ్మడికాయ కూర్చుని ఉంది. కళ్ళు, ముక్కు, పళ్ళు చెక్కి, లోపల దీపం పెట్టడానికి గుల్ల చేసి ఉన్నాయి. సాయంత్రం దొరల పిల్లలు దుప్పట్లు కప్పుకుని దయ్యాల్లా ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కున్నారు. దాన్ని హాలోవీన్ అంటారని మా మలయాళీ అకౌంటెంట్ చెప్పాడు.

మా తోటమాలి అప్పుడే చీపురు పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. "సార్, మన దిక్కు దయ్యం రావద్దని గుమ్మడికాయ కడ్తం. వీళ్ళేంది సార్, గుమ్మడికాయనే దయ్యం జేసి ఇంటి ముంగట కూసోవెట్టిండ్రు?" అన్నాడు. అని ఊరుకోలేదు, వాళ్ళు తీసి పారేసిన లోపలి గుజ్జంతా బకెట్లకెత్తి కూలీలుండే క్యాంపుకి పట్టుకుపోయాడు. రెండు రోజులు క్యాంపంతా గుమ్మడికాయ పులుసే.

ఆ పులుసు నాకూ ఒక గిన్నెడు వచ్చింది. అది తింటుండగా నాకు సీరియల్ ఆలోచన పుట్టింది.

రక్తం లేని డిటెక్టివ్ కథలు రాయాలని నా కోరిక. రక్తం చూస్తే నాకే కళ్ళు తిరుగుతాయి కాబట్టి ఇందులో కళకన్నా భయమే ఎక్కువ. హత్యలుండవు. కేకు పోతుంది, పిల్లి పోతుంది, అత్తగారి కళ్ళజోడు పోతుంది. కొడుకు దగ్గరికి వచ్చిన రిటైర్డ్ పంతులమ్మ ఒకావిడ గోంగూర వలుస్తూ దొంగని పట్టేస్తుంది. ఎప్పుడూ హాలోవీన్ సాయంత్రమే. గుమ్మడికాయలు, ముసుగులు, దీపాలు. వాతావరణం బాగా కుదిరిందని నాకు ఎంత మురిపెమంటే, ఏడాదికొక్క రోజు వచ్చే పండగని ఆర్నెల్ల పాటు నెలకోసారి జరిపించాను.

అల్ ముంతజాలో మా ఫ్లాటు. మా ఆవిడే మొదటి పాఠకురాలు. మూడో భాగం చదివి, "మీ పంతులమ్మ విజిట్ వీసా ఇంకా అయిపోలేదా?" అంది. గొప్ప రచయితలకి ఇంట్లో విలువుండదని సమాధానపడ్డాను.

ఆఫీసు జిరాక్సు మీద పది కాపీలు తీసి తెలుగు కుటుంబాలకి పంచేవాణ్ణి. అందరూ "బాగుందండీ" అనేవారు. ఒకాయన ఇంట్లో నా రెండో భాగం మీద పకోడీలు ఆరబెట్టి ఉండగా నేనే స్వయంగా చూశాను. నాకు నిజమైన శ్రోతలు దొరికింది క్యాంపులో, అదీ ఆ తోటమాలి వల్ల.

అతను ఐదో తరగతి వరకు చదివాడు. వాళ్ళ నాన్న జాతరల్లో రాత్రంతా కథ చెప్పే మనిషట. నా కాగితాలు అడిగి తీసుకెళ్ళి, కూడబలుక్కుని చదివి, శుక్రవారం పొద్దున క్యాంపు గదిలో వాటిని కథగా చెప్పేవాడు. నేను మొదటిసారి వెళ్ళి విన్నప్పుడు గుర్తుపట్టలేకపోయాను, అంత బాగుంది. పంతులమ్మ వస్తే పంతులమ్మ గొంతు, దొర వస్తే దొర దగ్గు. ఇరవై మంది మంచాల మీదా, కిందా కూర్చుని ఊపిరి బిగబట్టి వింటున్నారు. పక్క గదులవాళ్ళ కోసం టూ-ఇన్-వన్‌లో క్యాసెట్ ఎక్కించేవారు. క్యాసెట్ మొదట్లో నా పేరు చెప్పించేవాణ్ణి. చివర్లోనూ చెప్పించేవాణ్ణి.

కథ మొదలుపెట్టే ముందు అతను ప్రతిసారీ ఒక మాట అనేవాడు. "ఇనుండ్రయ్యా, ఇది కథ. ఇండ్ల ఉన్నోళ్ళు ఎవలు లేరు, జరిగింది ఏది జరగలే" అని. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. అది చెప్పకుండా కథ ఎత్తుకోకూడదట.

ఆరో భాగం నా దృష్టిలో నా కళాఖండం. హాలోవీన్ సాయంత్రం ఒక దొరసాని ముత్యాల హారం పోతుంది. డ్రైవరు మీద, వంటవాడి మీద, తోటమాలి మీద అనుమానం. భాగం చివర్లో తోటమాలి ఒంటరిగా కూర్చుని నేరం ఒప్పుకుంటాడు. అక్కడ ఆపేశాను. తోటమాలి ఎందుకు ఒప్పుకున్నాడు, హారం నిజంగా ఎవరు తీశారు అన్నది ఏడో భాగంలో తేలుతుందని అందరికీ చెప్పాను. ఏడో భాగంలో ఏం తేలుతుందో నాకు మాత్రం తెలియదు. వచ్చే నెల తోస్తుందిలే అనుకున్నాను.

ఆ శుక్రవారం క్యాంపులో రికార్డింగుకి కూర్చున్నాం. అప్పుడు నేను దర్శకత్వం మొదలుపెట్టాను.

"చూడు, ఈసారి ముందు ఆ 'ఇది కథ' అనే మాట తీసెయ్యి. పాత్రల పేర్లూ వద్దు, ఈసారికి నా పేరూ వద్దు. నేరుగా ఆ ఒప్పుకునే మాటలతో ఎత్తుకో, తర్వాత వెనక్కి వెళ్దాం."

అతను ఒప్పుకోలేదు. "అట్ల కాదు సార్. ముందుగాల చెప్పాలె. చెప్పకుంటే ఇనెటోళ్ళు నిజమనుకుంటరు."

"అనుకోవాలయ్యా! అదే కదా కావలసింది!"

"మా నాయిన..."

"మీ నాన్నగారివి జాతర కథలు. ఇది డిటెక్టివ్ సీరియల్. యల్లా, మొదలుపెట్టు."

అతను తల గోక్కున్నాడు. సరేనన్నాడు. సార్ చెప్పాడు కదా.

తీరా చూస్తే ఖాళీ క్యాసెట్ లేదు. అతని మంచం మీది అరలో ఒకటుంది. ఇంటికి పంపడానికి సగం దాకా మాట్లాడి పెట్టుకున్నది. ఆ రోజుల్లో ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ. చదువు రాని ఇల్లాలికి మొగుడి గొంతే ఉత్తరం. సెలవు మీద ఎవరు ఊరెళ్ళినా గదిగదికీ తిరిగి క్యాసెట్లు సంచిలో వేసుకుపోయేవారు.

"అందులో సగం ఖాళీయే కదా, తాత్కాలికంగా దానిలో ఎక్కించు. తర్వాత వేరేదానిలోకి దింపుకుందాం" అన్నాను. అన్నది నేనే, అదీ రోజూ పాత కాగితాల మీద ఎర్ర స్టాంపు గుద్దే నేను. క్యాసెట్ మీద ఒక్క అక్షరం రాయలేదు.

రెండు రోజుల తర్వాత సెలవు మీద వెళ్ళే మనిషి టిక్కెట్టు ముందుకి జరిగింది. అందరూ డ్యూటీలో ఉండగా వచ్చి, అరల్లో ఉన్న క్యాసెట్లన్నీ తీసుకుని వెళ్ళిపోయాడు. మా తోటమాలి కంగారుపడుతూ ఆఫీసుకొచ్చి చెబితే, "మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు, ఇంట్లోవాళ్ళు కూడా కథ వింటారులే" అన్నాను. నా సీరియల్ సముద్రం దాటిందని ఆ సాయంత్రం మా ఆవిడతో గర్వంగా చెప్పాను కూడా.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం పొద్దున ఏడో భాగం సంగతి మాట్లాడదామని క్యాంపుకెళ్ళాను. మాట్లాడడానికేమీ లేదు, నాకింకా దొంగ దొరకలేదు. వెళ్ళేసరికి అతనికి ఇంటినుంచి జవాబు క్యాసెట్ వచ్చి ఉంది. "కూసోండ్రి సార్, మా ఇంటామె కథ గురించి ఏమన్నదో ఇందాం" అని పెట్టాడు. నేను పొగడ్తల కోసం కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను.

ఆవిడ గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"నీ క్యాసెట్ ఇన్న. ఒక్కపారి గాదు, దినాం పొయ్యి కాడ కూసోని ఇంటున్న. మంచిగున్న అని చెప్పి, పిల్లను మంచిగ సదువుకోమని చెప్పి, ఆఖరికి ఆ హారం నేనే తీసిన అని చెప్పినవ్. ఎందుకు తీసినవని నేను అడుగుత లేను. దుబాయ్‌ల దొంగలకు చేతులు నరుకుతరంట. ఊర్ల అందరు అంటున్నరు. నీ చేతులు పోయినంక నాకీ పొలం ఎందుకు. బావ ఏజెంటుతోని మాట్లాడిండు. పొలం అమ్మి పైసలిస్తే ఇడిపిస్తా అన్నడంట. అమాస ఎల్లినంక సోమారం కాయిదాలు జేస్తరు. నువ్వు బయపడకు. అన్నం తిను."

టేపు ఆగిపోయింది. నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను. వాళ్ళకి గల్ఫ్ అంతా దుబాయే. ఆ ఊళ్ళో అనుకునే చేతుల నరుకుడు నా పదకొండేళ్ళలో నేనెక్కడా చూసింది లేదు, కానీ ఆవిడకది ఎవరు చెబుతారు? జరగని దొంగతనంలో జైలుకెళ్ళని మనిషిని విడిపిస్తానన్న ఆ ఏజెంటు నాకన్నా మంచి కథకుడని కూడా తోచింది. గోడ మీది తెలుగు క్యాలెండర్ దగ్గరికి ఎవరో వెళ్ళి చూశారు. అమావాస్య రేపే. సోమవారానికి మూడు రోజులుంది.

తోటమాలి చెప్పులేసుకుని, "ఫోన్ జెయ్యాలె సార్" అన్నాడు.

ఇద్దరం టాక్సీలో టెలిఫోన్ ఆఫీసుకెళ్ళాం. వాళ్ళ మండలంలో ఉన్న ఎస్టీడీ బూత్ నంబరు అతని దగ్గర చీటీలో ఉంది. బూత్ ఆయన, "ఊర్లకెల్లి పిలిపిస్త, రెండు గంటలైనంక చెయ్యుండ్రి" అన్నాడు. ఇంతలో నమాజు వేళయింది, నజ్మాలో షాపులన్నీ షట్టర్లు దించేశాయి. ఒక హోటల్ మెట్ల మీద కూర్చున్నాం. ఏప్రిల్ నెలాఖరు, ఎండ చురుక్కుమంటోంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "బావి ఉందా ఆ పొలంలో?" అన్నాను.

"ఉన్నది సార్. నేను, ఆమె తవ్వినం. ఆమె మట్టి ఎత్తింది." చెప్పులోని ఇసుక దులుపుతూ అన్నాడు, "మా నాయిన చెప్పిన మాట ఒక్కటి ఇడిసివెట్టిన సార్. ఒక్కటే."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రెండో ఫోన్‌కి ఆవిడ వచ్చింది. ఇద్దరం ఒకే క్యాబిన్‌లో ఇరుక్కున్నాం. రిసీవరు మధ్యలో పెట్టి చెరో చెవీ ఆనించాం. అతను గబగబా చెప్పాడు, అది కథ, నేనేం తియ్యలే, డ్యూటీ మంచిగ జేసుకుంటున్న అని. ఆవిడ వింది.

"నీ గొంతు నాకు ఎరుక లేదా? ఏడ్సుకుంట చెప్పినవ్. కథకు ఎవలన్న ఏడుస్తరా? పక్కన పోలీసులు ఉన్నరా? ఆళ్ళు చెప్పుమంటె చెప్తున్నవా?"

"ఒట్టు! ఇది రాసిన సార్ పక్కనే ఉన్నడు!"

రిసీవరు నా చేతికొచ్చింది. గొంతు సవరించుకుని, అమ్మా, నేనే రచయితని, అంతా నా కల్పన అని నా పుస్తకాల తెలుగులో ఏదో చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపేసింది.

"సరే సార్. కథనే అనుకుందాం. మరి మా ఆయన తియ్యకుంటే హారం ఎవలు తీసిండ్రు?"

ఆరు నెలలుగా డిటెక్టివ్ కథలు రాస్తున్న నాకు అంతకన్నా కష్టమైన ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. గాజు తలుపు అవతల క్యూ పెరుగుతోంది. "డ్రైవరమ్మా" అన్నాను.

"డ్రైవర్ ఆ పొద్దు విమానం కాడికి పోయిండని చెప్పిండు గద క్యాసెట్‌ల."

నిజమే. రాసింది నేనే, మర్చిపోయాను. "అంటే, వంటవాడు."

"వంటాయనకు చెయ్యి కాలి కట్టు గట్టుకున్నడు. గొలుసు కొక్కెం ఎట్ల ఇప్పుతడు సార్ ఒక్క చేత్తోని?"

ఆ కట్టు కూడా నేనే కట్టించాను, జాలి పుట్టడానికి. ఆవిడ ఇరవై రోజులుగా ఆ టేపు వింటోంది. నా కథలో ప్రతి కిటికీ, ప్రతి తలుపూ నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. పొరుగింటి దొరసాని అందామనుకున్నాను కానీ, ఆవిడని మొదటి పేజీలోనే ఊరికి పంపేశానని ఈసారి ముందే గుర్తొచ్చింది.

"చెప్పు సార్. ఎవలు?"

"నాకు తెలియదమ్మా" అన్నాను. ఆ మాట అంతవరకు మా ఆవిడతో కూడా అనలేదు. "ఇంకా ఆలోచించలేదు. ఏదో ఒకటి తోస్తుందిలే అని రాసేశాను."

ఆవిడ నిదానంగా అంది.

"రాసినోనికే ఎరుక లేదా?"

"లేదమ్మా."

"అయితే నిజంగ జరగలే. జరిగితే ఎవలో ఒక్కలకన్న ఎరుకైతది గద." ఆ వెంటనే రిసీవరు పక్కకి తిప్పి, ఎవరితోనో గట్టిగా, "బావా, పొలం అమ్ముడు లేదు! ఏజెంటుకు ఫోన్ జేసి చెప్పు, అమ్ముడు లేదు!" అని అరిచింది. ఆ కేక నా చెవిలో గింగురుమంది. నా జీవితంలో నా చేతకానితనం ఒక మనిషికి పనికొచ్చింది అప్పుడే.

ఆవిడ మళ్ళీ నాతో అంది. "నన్నడిగితే ఆ దొరసాన్నే అడగాలె సార్. హారం పోయిందని ఊరంతా చెప్పింది గని, ఒక్కపారి గూడ ఏడ్వలే. సొమ్ము నిజంగ పోతే మనిషి అట్లుండదు. నేను ఇరవై దినాల సంది ఏడుస్తున్న, నాకెరుక."

ఏడో భాగం అలాగే రాశాను. హారం దొరసాని తనే గుమ్మడికాయలో దాచిందని పంతులమ్మ కనిపెట్టింది, ఆమె కళ్ళు తడవలేదు కాబట్టి. క్యాంపులో అందరూ భుజం తట్టి, ఏం బుర్ర సార్ అన్నారు. నేను తల వంచుకుని వినయంగా నవ్వాను. అది ఎవరి బుర్రో చెప్పే ధైర్యం నాకు ఇప్పటికి వచ్చింది.

ఆ రోజు ఫోన్ సంగతి కొంచెం మిగిలింది. ఆవిడ "ఆయనకియ్యి" అంది. ఇచ్చాను. క్యాబిన్ ఇరుకు, బయటికి వెళ్ళడానికి కూడా లేదు, కాబట్టి విన్నాను.

"నిజం చెప్పు. చేతులున్నయా?"

"ఉన్నయే."

"రెండున్నయా?"

అతను రిసీవరుని నా చేతిలో పెట్టి పట్టుకోమన్నట్టు సైగ చేశాడు. దాని ముందు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. ఆగకుండా కొట్టాడు. అవతల ఆవిడ ఏడుస్తూ, "ఇంక గట్టిగ, ఇంక గట్టిగ" అంటోంది. గాజు తలుపు బయట క్యూలో నిలబడ్డ మలయాళీలు, పాకిస్తానీలు, బెంగాలీలు మా వైపు చూశారు. లోపల ఎవరికో కొడుకు పుట్టాడనుకున్నారో, పెళ్ళి కుదిరిందనుకున్నారో, ఒక్కొక్కరే నవ్వుతూ వాళ్ళూ మొదలుపెట్టారు. హాలంతా చప్పట్లు. నేను రిసీవరు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. నా సీరియల్ మొత్తానికి నేను విన్న చప్పట్లు అవే.